కెమెరా లెక్క, కంటి లెక్క

నాంపల్లి రైలుస్టేషను నుండి ఆబిడ్స్ వైపునకు సాగు స్టేషను రోడ్డున, లాడ్జీల బోర్డులకును జిరాక్సు దుకాణములకును నడుమ, ఒక్క మనిషి మాత్రమే పట్టునంత ఇరుకైన మెట్లదారి నెక్కినచో వచ్చు చిన్నగదిలో, గడచిన వేసవిని నేను మూడు సాయంకాలములు గడిపితిని. నా చేతనున్నది అరచేతికంటె కొంచెము పెద్దదైన నలుపు తెలుపు ఛాయాచిత్రము. అందున్నది మా అమ్మమ్మ. 1952వ సంవత్సరమున తాతగారితో కూడ పట్నము వచ్చినపుడు, రైలు దిగిన పూటనే తల దువ్వుకొని, చీర మార్చుకొని, నాంపల్లిలో నొక స్టూడియోలో ఆమె ఆ ఫోటో దిగినదని మా అమ్మ చెప్పును. డెబ్బది యేండ్లు గోడకు వ్రేలాడి, వర్షాకాలపు చెమ్మకు లోనై, ఫ్రేము అద్దమునకు అంటుకొని, విడదీయబోయిన మా తొందరపాటుచేత ఆమె ఎడమ కన్నును, చెంపలో కొంత భాగమును, ఒడిలో నుంచుకొన్న చేతులును పొక్కులు లేచి రాలిపోయినవి. మిగిలినదంతయు పాలిపోయి, నలుపు నలుపు గాక, తెలుపు తెలుపు గాక, పలుచని తేనీటి వన్నెకు దిగినది.

ఆ గదిలో పనిచేయువారు ఇరువురు. ఒకరు డెబ్బది దాటిన వృద్ధులు. వీధివారందరును ఆయనను ఉస్తాద్ అని పిలుతురు. రెండవవారు ఆయన కుమారుడు, కంప్యూటరు అతనిది. తండ్రి యెదుట నేటికిని వాలుగా నిలిపిన చిన్న డెస్కు కలదు. దాని నడుమ పాలవంటి గరుకుటద్దము. ఆ క్రింద, వెలుతురును పైకి కొట్టుటకు మామూలు అద్దము. దానిపై పని ఏండ్ల క్రిందనే తగ్గిపోయినను దుమ్ము మాత్రము లేదు. నేను వచ్చిన సంగతి విని, ఫోటోను కిటికీ వెలుతురులో అటునిటు వంచి చూచి, "పరేషాన్ గాకుండ్రి సార్, మనిషి ఇంక ఇందుల్నే ఉన్నది" అని ఆయన అనెను. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. చిత్రములో ఇంకను ఏమున్నది, ఏది పోయినది, ఉన్నదానిని కంటికి తెచ్చుట యెట్లు అను మూడు ప్రశ్నలమీదనే ఫోటోలను దిద్దు విద్య యంతయు నిలిచియున్నది.

ఫోటో దిద్దుట యనగానే అబద్ధము కల్పించుట యని తలచువారు పెక్కురు కలరు. కెమెరా చూచినది సత్యమనియు, దానిపై మనుష్యుని చేయి పడినంతనే అది చెడుననియు వారి తాత్పర్యము. నేనును చాలకాలమట్లే తలచితిని. కాని కెమెరా చూచుట వేరు, కన్ను చూచుట వేరు. ఆ రెంటి నడుమనున్న ఎడమును పూడ్చుటకే ఈ విద్య పుట్టినది, అదియును కంప్యూటరుకంటె చాలముందు.

ఆ పాతకాలపు జాడ ఈ ప్రాంతపు పేరులోనే కలదు. ఆబిడ్స్ అను పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ ఇచట పెట్టిన దుకాణమువలన వచ్చినది. ఆ నిజాము కాలముననే ఆస్థాన ఛాయాచిత్రకారుడై వెలసినవాడు లాలా దీన్‌దయాళ్. మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు కెమెరా పట్టిన ఆయన, 1880ల నడిమికాలమున నిజాము ప్రాపు సంపాదించి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. 1892లో హైదరాబాదున పరదా స్త్రీలకొరకు జెనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. రాజా ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొంది, 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగటివులలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆ కాలపు గాజుపలకలకొక పుట్టుదోషము కలదు. వెండి లవణములు స్వభావసిద్ధముగా నీలి, ఊదా కాంతులకు మాత్రమే చలించును. పసుపును ఎరుపును వాటికి చీకటితో సమానము. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ కొన్ని రంగుద్రవ్యములను చేర్చినచో పలక ఆకుపచ్చనికూడ చూడగలదని కనుగొనెను గాని, ఎరుపును సైతము చక్కగా చూడగల పలకలు వాడుకలోనికి వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. అంతవరకును నీలాకాశము వట్టి తెల్లకాగితమయ్యెడిది. కుంకుమబొట్టు నల్లచుక్క యయ్యెడిది. పసుపు రాచుకొన్న బుగ్గ నల్లబడెడిది. చర్మముపై కంటికి కనబడీ కనబడని ఎర్రని మచ్చ బొగ్గుతో పెట్టినట్లు పైకి తేలెడిది. తాతలనాటి ఫోటోలలో ముత్తైదువల ముఖములు ఉన్నదానికంటె ముదురుగా, కఠినముగా కనబడుటకిదియొక కారణము. అది కన్ను చూచిన ముఖము కాదు, పలక చూచిన ముఖము. దానిని తిరిగి కంటిముఖముగా చేయుటకే టచింగ్ పనివారు స్టూడియోలలో కుదురుకొనిరి.

ఆ పని యెట్లుండెడిదో ఉస్తాద్ నాకు చేసి చూపెను. పాత నెగటివు నొకదానిని గరుకుటద్దముపై నుంచెను. నెగటివులో సర్వమును తారుమారు గదా. ముఖముపై ముడుత మనకు నల్లగీత, నెగటివులో నది తేటయైన సన్నని సందు. ఆ సందులోనుండి వెలుతురెక్కువగా దూరి, క్రింది కాగితముపై నలుపు వేయును. కనుక ఆ సందులో పెన్సిలు నలుపును కొంచెము నింపినచో దూరు వెలుతురు తగ్గును, కాగితముపై ముడుత పలుచబడును. ఫిలుముమీది నున్నని పొరపై పెన్సిలు నిలువదు కాబట్టి, ముందుగా టర్పెంటైనులో కరగించిన జిగురుమందును దూదితో రాచి గరుకు పుట్టింతురు. దానికి వారి భాషలో మీడియం అని పేరు. పెన్సిలు ములికి అంగుళము పొడవున సూదివలె అరగదీయబడియుండవలెను. గీత గీయరాదు, ఆవగింజలో సగము పాటి తాకుడులు, ఒకదాని ప్రక్కన నొకటి, వందల కొలది. ఆయన చేయి మణికట్టువరకు శిలవలె నిలిచియుండగా, వ్రేళ్ల కొనలు మాత్రము వడకుచున్నట్లు కదలెను. "ముడుత మొత్తం తీస్తే మనిషి బొమ్మయితది సార్. సగం తియ్యాలె, సగం ఉంచాలె" అని తలయెత్తకయే చెప్పెను. కాగితముపై నలుపు పెంచవలసినచోట పెన్సిలు పనికిరాదు; సన్నని కత్తితో నెగటివు పొరనే గీకుదురు.

డార్క్ రూములో ఇంకొక ఉపాయము కలదు. ఎన్‌లార్జరు వెలుతురు కాగితముపై పడుచుండగా, పుల్లకు గ్రుచ్చిన అట్టబిళ్లను ముఖముపైన కొన్ని క్షణములు ఆడించినచో, ఆ మేర నలుపు తగ్గి ముఖము తేటపడును. గుప్పిటి సందుగుండ మరికొంత వెలుతురు పోసినచో ఆచోట నలుపు చిక్కబడును. నేటి ఫోటోషాపులో డాడ్జ్, బర్న్ అను పనిముట్లకు ఆ పుల్లబిళ్లయు, ఆ గుప్పిలియు గుర్తులుగా నిలిచినవి. టామస్, జాన్ నోల్ అను అన్నదమ్ములు కూర్చగా 1990లో బజారుకు వచ్చిన ఆ సాఫ్టువేరు, డార్క్ రూము విద్యను పేరుపేరునను అరువు తెచ్చుకొన్నది.

వేర్వేరు చిత్రములను కలిపి ఒక్కటి చేయుటయు కొత్తది గాదు. ఆకాశము తెల్లబోవుచున్నదని ఫ్రాన్సున గుస్తావ్ లె గ్రే 1850లలోనే సముద్రము నొక పలకపైనను, మేఘముల నొక పలకపైనను పట్టి, ఒకే కాగితముపై ముద్రించెను. 1857లో ఆస్కార్ రైలాండర్ ముప్పదికి పైబడిన నెగటివులతో ఒక మహాచిత్రమును కూర్చెను. అదే విద్య మన యింటి సంగతి యైనది 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే కెమెరా మాయల మూలమున.

ఇక మా అమ్మమ్మ ఫోటో. ఉస్తాద్ కుమారుడు దానిని స్కానరుపై బోర్లించి, అంగుళమునకు 1,200 చుక్కల చొప్పున చదివించెను. మూడంగుళముల వెడల్పునకు 3,600 చుక్కలు, నాలుగంగుళముల పొడవునకు 4,800 చుక్కలు, వెరసి 1,72,80,000. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క సంఖ్య. 0 అనిన కటిక నలుపు, 255 అనిన వట్టి తెలుపు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను మొట్టమొదట కంప్యూటరు కెక్కించినపుడు అందున్నవి అడ్డముగా 176, నిలువుగా 176 చుక్కలు మాత్రమే. ఆనాటినుండి చిత్రము సంఖ్యల పట్టికయైనది, దిద్దుబాటు గణితమైనది.

తెరమీద ఒక మూల కొండవంటి చిన్న పటము లేచినది. దానిని హిస్టోగ్రామ్ అందురు. ఎడమకొన 0, కుడికొన 255; ఏ వన్నెకు ఎన్ని చుక్కలున్నవో ఆ వన్నెమీద కొండ అంత ఎత్తు. అమ్మమ్మ ఫోటోలో ఆ కొండయంతయు 70కిని 190కిని నడుమ కుదించుకొని కూర్చున్నది. కాలము చేసిన కీడు ఈ రెండంకెలలోనే యున్నది. అది నలుపును పైకి లేపినది, తెలుపును క్రిందికి దించినది. ఇప్పుడు 70ని 0గాను, 190ని 255గాను నిలుపుమని చెప్పినచో, నడుమనున్న ప్రతి సంఖ్యయు దామాషా చొప్పున జరిగి, 130 యున్నది సుమారు 128కి వచ్చి, అంతవరకు చేరువచేరువగా మెత్తుకొనియున్న వన్నెలు విడివడును. దీనినే లెవెల్స్ అందురు. ఆ కుర్రవాడు రెండు మొనలను లోనికి జరిపిన క్షణమున, తేనీటి మరకలోనుండి అమ్మమ్మ పాపిట తేటగా పైకి వచ్చుట నేను కన్నులార చూచితిని. కొత్తగా చేర్చినది లేదు. ఉన్న భేదమే పెద్దదైనది. ఐతే ఒక జాగ్రత్త వలయును. 121 వన్నెలను 256 అరలలో పరచినచో నడుమనడుమ అరలు ఖాళీగా మిగిలి, కొండ దువ్వెనపండ్లవలె చీలును, నున్నని చెంపపై మెట్లుమెట్లుగా పట్టీలు తేలును. అందుచేతనే అతడు ముందుగానే చుక్కకు 65,536 వన్నెలు పట్టునట్లు స్కాను చేసియుండెను. పాతఫోటోలను ఇంటివద్ద స్కాను చేయువారు మరువదగనిది ఈ యొక్క సంగతి.

ఈ సందర్భముననే కంటి లెక్కను గూర్చి చెప్పవలసియున్నది. చీకటియింట ఒక్క దీపముండగా రెండవది వెలిగించినచో గది మారిపోయినట్లుండును; నూరు దీపముల మండపమున నూటయొకటవ దీపము వచ్చినను పోయినను ఎవరును గుర్తింపరు. పెరిగిన వెలుతురు రెండుచోటులను ఒక్కటే. కన్ను కూడికలు చూడదు, నిష్పత్తులు చూచును. కెమెరాలోని సెన్సారు మాత్రము త్రాసువంటిది. వెలుతురు రెట్టించినచో సంఖ్యయు రెట్టించును. తనపై పడిన కాంతిలో 18 శాతము మాత్రమే త్రిప్పి పంపు వస్తువు మన కంటికి నలుపు తెలుపులకు నట్టనడుమ నున్నట్లు తోచును. త్రాసు లెక్కలో నది అయిదవవంతైనను కాదు. ఆ సంఖ్యలను యథాతథముగా తెరపై చూపినచో చిత్రము గుహవలె నుండును గనుక, కెమెరాయే వాటినొక వంపుగీత వెంట పైకి లేపి, ఆ 18 శాతమును 255లో ఇంచుమించు 117 వద్ద నిలుపును. అనగా, దిద్దని ఫోటో యనునది మన చేతికి రానేరాదు. ఫోనులో మీట నొక్కినంతనే ఒక దిద్దుబాటు జరిగిపోయినది. అది ఏ లెక్కను జరిగినదో, మనకు కావలసిన చోట దానినెట్లు వంచుకొనవచ్చునో తెలిసికొనుటయే నేర్వవలసిన విద్య. కర్వ్స్ అను పనిముట్టు ఆ వంపుగీతను మన చేతికిచ్చును. ఎండకు వీపుపెట్టి నిలిచిన మనిషి ముఖము చీకటియైనచో, అందరును చేయునట్లు మొత్తము వెలుతురును పెంచరాదు. అట్లు చేసినచో వెనుకనున్న ఆకాశము మండిపోవును. గీత యొక్క దిగువ మూడవవంతును మాత్రము కొంచెము లేపి, పైకొనను కదలనీయక పట్టవలెను.

రంగు విషయమునను ఇదే కథ. సాయంకాలము ఆబిడ్స్ దుకాణముల బల్బుల క్రింద తీసిన ఫోటోలో తెల్లచొక్కా నారింజరంగున కనబడినదని ఎన్నిసారులో విసుగుకొని యుందుము. తంతిబల్బు వెలుతురు సుమారు 2,800 కెల్విన్లు, మధ్యాహ్నపుటెండ సుమారు 5,500. మొదటిదానిలో ఎరుపు మిక్కుటము, నీలము కొఱత. కన్ను క్షణములో సర్దుకొని తెల్లచొక్కాను తెల్లగానే చూచును. సెన్సారునకా సర్దుబాటు లేదు. కావున దిద్దువేళ చిత్రములో రంగులేనిదని మనకు తెలిసిన వస్తువొకటి వెదకి, అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడు సంఖ్యలును సమానమగునట్లు తూచవలెను. ఆబిడ్స్‌కు కూతవేటు దూరమున 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు గోడల బూడిదవన్నె రాయి ఇందులకు నాకెన్నియో మారులు సాయపడినది. కాని ఆ రాతిమీద పడిన వెలుతురును, మన మనిషి ముఖముమీద పడిన వెలుతురును ఒక్కటేయై యుండవలెను. ముఖము బల్బు క్రిందను, గోడ సంధ్యాకాశపు నీలికాంతిలోను ఉన్నపుడు గోడను నమ్మి తూచితినా, ముఖము కుంకుమరాశియై కూర్చున్నది. చేసి చూచినందున చెప్పుచున్నాను.

రాత్రి ఫోటోలలో కనబడు ఇసుకవంటి మచ్చలకు కెమెరా లోపము కారణమని తలంతుము. అది ముఖ్యముగా వెలుతురు స్వభావమే. కాంతి ధారవలె కాక రేణువులుగా, వానచినుకులవలె క్రమము లేక పడును. ఒక చుక్కపై సగటున 10,000 రేణువులు పడునపుడు హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి ఒకటి; 100 మాత్రమే పడునపుడు హెచ్చుతగ్గు సుమారు 10, అనగా నూటికి పది. ఆ పదియే మనకు ఇసుకవలె కనబడును. 1938లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభమై 1946లో నేటి నాంపల్లి మైదానమునకు మారిన వార్షిక ప్రదర్శనము నుమాయిష్‌లో, జనవరి రాత్రి జయంట్ వీలు దీపములను ఫోనుతో తీయబోయినవారందరును దీనిని చూచియుందురు. విరుగుడు సగటే. ఒకే దృశ్యమును 16 సారులు పట్టి సగటు తీసినచో ఇసుక నాలుగవవంతునకు తగ్గును. ఫోనులలోని నైట్ మోడ్ ఈ పనియే చేయును. ఒక్క ఫోటోయే యున్నపుడు ప్రక్కచుక్కలతో సగటు తీయుదురు. అప్పుడు ఇసుకతోపాటు చీర జరీ పోగులును మాసిపోవును.

మాసినదానికి పదును తెచ్చుటకు షార్పెన్ అను మీట కలదు గదా, అది కొత్త వివరములను సృష్టించునని భ్రమపడరాదు. ముందుగా చిత్రమును మసకగా చేసి, ఆ మసకను అసలులోనుండి తీసివేసి, మిగిలిన తేడాను అసలునకు మరల కలుపుదురు. అంచువద్ద నలుపు వైపు ఇంకను నల్లబడును, తెలుపు వైపు ఇంకను తెల్లబడును. మన కన్నుకూడ అంచులను ఇట్లే హెచ్చించి చూచునని ఎర్నెస్ట్ మాహ్ 1860లలోనే గుర్తించెను. కొంచెము చేసినచో కంటికి తోడ్పాటు. ఎక్కువైనచో తలచుట్టును తెల్లని వలయమేర్పడి, మనిషి దేవుని పటమువలె నుండును.

ఇచట ఒకమాట మనసార చెప్పవలెను. పెళ్లిచూపులకు పంపు ఫోటోలలో ఆడపిల్లల ముఖములను తెల్లబరచుట మన ఊళ్లలో ఎంత మామూలైనదనగా, దిద్దుటయనిన అదియే యనుకొను స్థితి వచ్చినది. చామనచాయ బిడ్డను తన ముఖమునకే పరాయిదానిని చేయు ఆ మీట నాకెంతమాత్రమును సమ్మతము గాదు. అది శాస్త్రమునకును సమ్మతము గాదు. కన్ను ఏ వన్నెనైనను ప్రక్కవన్నెతో పోల్చియే చూచునని, గోబెలిన్ల నేతశాలలో రంగులను పరిశీలించిన షెవ్రూల్ 1839లోనే గ్రంథము వ్రాసెను. ముఖము వెలుగవలెనన్న ముఖమును ముట్టుకొననక్కరలేదు. ఉస్తాద్ మాట యిది: "ముఖం తెల్లగ చెయ్యకు, ఎనుక చీకటి చెయ్యి." వెనుక గోడను, నాలుగు మూలలను కొంచెము చిక్కబరచి చూడుడు, ఒక్క సంఖ్యయు మారని ఆ చామనచాయ ముఖము దీపమువలె ముందుకు వచ్చును.

రెండవ సాయంకాలము పొక్కులు, గీతల పని. రాలిపోయినచోట ప్రక్కనుండి తునక తెచ్చి అతికించుట పాతపద్ధతి. అతుకు అంచున వన్నె తేడా పట్టుబడెడిది. 2003లో పెరెజ్, గాంగ్నే, బ్లేక్ అను ముగ్గురు పరిశోధకులు చక్కని ఉపాయము ప్రకటించిరి. తునకలోని వన్నెలను తేవద్దు. ఒక చుక్కకును ప్రక్క చుక్కకును గల తేడాలను మాత్రము తెమ్ము. అంచున నున్న వన్నెలకు సరిపడునట్లు లోపలి వన్నెలను లెక్కకట్టుము. చుట్టును కాచిన వేడినిబట్టి రేకు నడిమిభాగము వేడియెంతో తేల్చు సమీకరణము జాతికి చెందినదే ఇదియును. నుదుటి పొక్కు, గోడమీది గీతలు ఒక గంటలో మాయమైనవి.

చిక్కు ఎడమకంటి వద్ద వచ్చినది. ఉన్న కుడికంటిని, చెంపను తీసి, అద్దములోవలె త్రిప్పి ఎడమవైపున అమర్చుట ఇట్టిచోట అందరును చేయు ఉపాయము. కుర్రవాడును అదే చేసెను. అతుకెచటను కనబడలేదు. మూడవనాడు మా అమ్మ పట్టుబట్టి, చేయూతతో ఆ ఇరుకుమెట్లెక్కి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకొని తెరవంక చాలసేపు చూచెను. "ఇది మా అమ్మ గాదురా. మా చిన్నమ్మ లెక్కున్నది" అనెను.

కుర్రవాడు చిన్నబోయెను. ఉస్తాద్ మాత్రము భూతద్దము తీసికొని లేచి వచ్చి, "నిజం చెప్పిందమ్మ. రెండు కండ్లల్ల రెండు సూర్యులున్నరు సూడు" అని వ్రేలు పెట్టి చూపెను. ఆనాటి స్టూడియోలో వెలుతురు అమ్మమ్మకు కుడివైపునుండి వచ్చినది. కుడికంటి నల్లగ్రుడ్డుపై, మనకు ఎడమగా, తెల్లని మెరుపు. పెద్దది చేసి చూడగా నడుమ అడ్డుగీత గల చిన్న చతురము. అది కిటికీ! డెబ్బదియేండ్లనాటి నాంపల్లి కిటికీ ఆమె కంటిలో ఇంకను వెలుగుచున్నది. కంటిని త్రిప్పి అమర్చగా ఆ కిటికీయు త్రిప్పబడి రెండవదిక్కునకు పోయినది. వెలుతురు తగిలిన చెంపను నీడపడవలసిన వైపున అతికించుటచేత ముక్కుకును నీడ తప్పినది. ఇవన్నియు విడివిడిగా ఎవరికిని కనబడవు. కలిసి ముఖమును పరాయిది చేయును. మెరుపును తీసి మనకు ఎడమ ప్రక్కకు జరిపిరి, చెంపను చిక్కబరచిరి. పిదప మా అమ్మ చెప్పుచుండగా, "ఈ కనుబొమ్మ జర మీదికుంటుండె, నవ్వినప్పుడు ఈ కన్ను చిన్నగయితుండె" అనుచుండగా, ఉస్తాద్ కుమారుని చేతినుండి పెన్ను తీసికొని, ఆ వందలకొలది చిన్న తాకుళ్లతోనే దానిని సవరించెను. "ముఖానికి రెండు దిక్కులుంటయి బేటా, రెండూ ఒక్కతీరుగ ఉండవు" అని కొడుకుతో చెప్పుట వింటిని.

ఒడిలోని చేతులకు ఆధారము లేదు. కుర్రవాడు ఏఐని అడుగగా, అది క్షణములో రెండు సుకుమారమైన చేతులను, డజను గాజులను కల్పించి యిచ్చినది. లక్షలకొలది ఇతరుల చేతులను చూచి నేర్చిన సగటు చేతులవి. "మా అమ్మయి నాట్లేసిన చేతులు" అని మా అమ్మ తల త్రిప్పుకొనెను. ఆచోటును చీర వన్నెలోనే నున్నగా, ఖాళీగా ఉంచితిమి.

చివరకు రంగు వేయుదమని కుర్రవాడు ఉత్సాహపడెను. నలుపు తెలుపులోనికి దిగునపుడు రంగులెట్లు పోవునో లెక్క సులభమే. ఎరుపులో 30 పాళ్లు, ఆకుపచ్చలో 59 పాళ్లు, నీలములో 11 పాళ్లు కూడినచో బూడిదవన్నె వచ్చును. 255 బలముగల నిండు ఎరుపు 76వ బూడిదయగును. 130 బలముగల ఆకుపచ్చయు 76వ బూడిదయే యగును. పోవుటకు దారి కలదు గాని తిరిగివచ్చుటకు దారి లేదు; బూడిదను చూచి ఏ కట్టె కాలినదో చెప్పలేము. సాఫ్టువేరు ఊహించి చీర అంచును, రవికను కలిపి ఒకే ఎరుపు చేసినది. ఫోటోలో అవి రెండును ఒకే ముదురు వన్నె. నేను పుట్టి పెరిగినన్నాళ్లును అదంతయు రవికయే యనుకొంటిని.

"రవికె ఎర్రదే. అంచు ఆకుపచ్చ. చీర పసుపుపచ్చ" అని మా అమ్మ చెప్పెను. అంచు ఎంతవరకు, రవిక యెచటనుండి అని కుర్రవాడు అడిగెను. ఒక కోటి డెబ్బదిరెండు లక్షల చుక్కలలో ఆ సరిహద్దు ఎక్కడను లేదు. మా అమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని, తెరమీద, భుజమునుండి రొమ్ము మీదుగా నడుమువరకు, చూపుడువ్రేలి గోటితో మెల్లగా గీత గీయుచుండెను. ఆ గోటి వెనుకనే కుర్రవాని మౌసు గుర్తు నడచుచుండెను.